స్పాక్ జోకు వెయ్యడా? సబ్‌టైటిల్స్ పనిలో అపోహలు - వాస్తవాలు

నిన్న మళ్లీ అదే ఫోన్. నా దగ్గర సబ్‌టైటిల్ పని నేర్చుకుంటున్న నల్గొండ పిల్లగాడు. చేతిలో ఉన్నది 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ అంతరిక్ష సిరీస్, స్పాక్ అందులోని పాత్ర. "సార్, ఈ స్పాక్ అస్సలు నవ్వడు గదా. లైన్ చప్పగున్నది, చివర్ల ఓ పంచ్ వెయ్యాల్నా?"

వద్దురా అయ్యా.

అపోహ: స్పాక్‌కు భావోద్వేగాలు లేవు, అందుకే జోకులుండవు.

వాస్తవం: వల్కన్లకు, అంటే స్పాక్ తండ్రి వైపు వేరే గ్రహం వాళ్లకు, భావోద్వేగాలు ఉంటాయి, అణచుకుంటారంతే. పైగా స్పాక్ తల్లి అమాండా భూమి మనిషి. 1966 నుంచి 69 దాకా వచ్చిన మొదటి 'స్టార్ ట్రెక్'లో స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమాయ్ సగం హాస్యం కనుబొమ్మ ఎత్తే పండించాడు. ఆర్గానియా గ్రహం మీద శత్రువుల నడుమ ఉన్నప్పుడు, బయటపడే అవకాశం ఎంత అని కెప్టెన్ కిర్క్ అడుగుతాడు. కచ్చితంగా చెప్పడం కష్టమంటూనే, సుమారు 7,824.7కు ఒకటి అంటాడు స్పాక్. కిర్క్ నోరెళ్లబెట్టి 7,824 అంటే, మర్చిపోయిన పాయింట్ ఏడును తిరిగి అందిస్తాడు. జోకంతా ఆ పాయింట్ ఏడులోనే ఉంది!

కొత్తలో నేను, లైన్ పొడుగైందని, ఇలాంటి అంకెకే చిల్లర తీసేసి 'ఎనిమిది వేల దాకా' అని రాశాను. పక్కన ఆశ్చర్యార్థకం కూడా. క్యూసీ (పని నాణ్యత చూసేవాళ్లు) నుంచి ఫైల్ మొత్తం తిరిగొచ్చింది, డబ్బు సగమే చేతికొచ్చింది.

ఇట్లాంటివి మన జనానికి అర్థం కావట! ఎవరు పుట్టించారో ఈ పుకారు. దేవరకొండ దగ్గర మా తాత పరాష్కమంతా ఇదే. చిన్నాయన పాత మోటార్‌సైకిల్ కొని, మొదటి రోజే ఊరవతల నుంచి నెట్టుకుంటూ వచ్చాడు. తాత అరుగు మీద నుంచి కదలకుండా, "బండి మంచిగున్నదిరా. ఎడ్లు గూడ కొన్నవా?" అన్నాడు. చిన్నాయన చెమట తుడుచుకుంటూ "కొనలే" అన్నాడు, నిజంగానే. నాయనమ్మ చాటలో బియ్యం ఒలకబోసుకుంది.

మిగతావి తొందరగా. స్పాక్, డేటా ఒకటి కాదు. 1987లో మొదలైన సిరీస్‌లోని యంత్రమనిషి డేటా. హాస్యం నేర్చుకోవాలని తంటాలు పడేది అతడు. స్టార్ ట్రెక్ పేరు చెప్పగానే అందరూ అనే 'బీమ్ మీ అప్ స్కాటీ' (స్కాటీ, నన్ను పైకి లాగు) అన్న వాక్యం మొదటి సిరీస్‌లో అచ్చంగా అలా లేనే లేదు, వెతకకండి. స్టార్ వార్స్ వేరు. ఇది కూడా చెప్పాలా?

చూసేవాళ్లు నవ్వకపోతే ఎట్లా అని టెన్షన్ పడే పిల్లలను ఏమనలేను, నేనూ పడ్డాను. ఆ పిల్లగాడు సాయంత్రం ఫైల్ మళ్లీ పంపాడు. పంచ్ తీసేశాడు. ఆశ్చర్యార్థకాలు ఇంకా మూడున్నాయి.