ఆ ఏటవాలు గీత వెనక: ఫ్యాండమ్, క్వీర్ పాత్రలు, జోకుల మీద అపోహలు – వాస్తవాలు

పగలు సినిమాలకు సబ్‌టైటిళ్లు రాయడం నా ఉద్యోగం. రాత్రి చేసే పనికి జీతం లేదు. ఫ్యాన్ ఫిక్షన్ రాస్తాను, అంటే వేరేవాళ్లు పుట్టించిన పాత్రలతో నా కథలు, స్నేహితులు రాసినవాటిని నలుగురి ముందూ పెట్టకముందే చదివి దిద్దుతాను. దీన్ని మాలో బీటా చదవడం అంటారు. పన్నెండేళ్లయింది. పెళ్లిళ్లలో ఏ పిన్నో "ఏవో రాస్తుంటావటగా, ఏం రాస్తావమ్మా?" అని అడిగితే "కథలు, పిన్నీ" అంటాను. "ఏ పత్రికలో?" అన్న రెండో ప్రశ్న రాకముందే వడ్డన మొదలైతే ఆ పూటకు గట్టెక్కినట్టే.

ఇక్కడ వడ్డన లేదు కాబట్టి తీరిగ్గా చెప్తాను. కథల్లో క్వీర్ పాత్రల (మగవాణ్ణి ప్రేమించే మగవాడు, అమ్మాయిని ప్రేమించే అమ్మాయి లాంటివాళ్ల) గురించి, వాటి మీద జరిగే గొడవల గురించి, ఆ గొడవల్లో పేలే జోకుల గురించి మనవాళ్ల దగ్గర నేను మళ్లీ మళ్లీ విన్న మాటలివి.

అపోహ: ఫ్యాండమ్ అంటే కటౌట్లూ పాలాభిషేకాలూ.

అదొక ఫ్యాండమ్. అక్కడ అభిమానం నటుడి మీద. మా దగ్గర పాత్ర మీద. సిరీస్ ఆగిపోయినా, రచయిత చేతులెత్తేసినా పాత్ర మా దగ్గరే ఉంటుంది. మూలకథలో జరగని మాటామంతీ, రాని ఉత్తరం, కాని పెళ్లి మేం రాసిపెడతాం. గొడవలు మాత్రం రెండు చోట్లా ఒక్కలాగే ఉంటాయి. మాకు చింపడానికి బ్యానర్లు లేవంతే.

అపోహ: మగవాళ్లిద్దరి మధ్య ప్రేమ ఊహించి రాయడం ఓటీటీలొచ్చాక పుట్టిన పైత్యం.

వాస్తవం: ఓటీటీ కాదు, ఇంట్లో కంప్యూటర్ కూడా లేని రోజుల్లోనే మొదలైంది. 'స్టార్ ట్రెక్' అనే అమెరికన్ టీవీ సిరీస్ 1966లో మొదలై 1969లో ఆగిపోయింది. అభిమానులు ఆగలేదు. సొంత ఖర్చుతో పత్రికలు అచ్చేసి పోస్టులో పంచుకున్నారు. 1974లో 'గ్రప్' అనే అలాంటి పత్రిక మూడో సంచికలో డయాన్ మర్చంట్ ఒక చిన్న కథ రాసింది. కెప్టెన్ కర్క్, స్పాక్‌ల ప్రేమ కథ. పాత్రల పేర్లు కూడా చెప్పకుండా రాసింది, అంత భయం. తర్వాత ఇలాంటి కథలను గుర్తుపట్టడానికి 'కర్క్/స్పాక్' అని రెండు పేర్ల మధ్య ఏటవాలు గీత పెట్టడం అలవాటైంది. ఆ గీత పేరే స్లాష్. ఆ కథల పేరూ అదే అయింది.

జపాన్‌లో ఇంచుమించు అదే కాలం. అభిమానులు తాము గీసిన కామిక్స్ అమ్ముకునే కామికెట్ సంత టోక్యోలో 1975 డిసెంబరులో మొదలైంది. మగవాళ్ల ప్రేమ కామిక్స్‌కి అక్కడ 'యావోయి' అని పేరు. అదేదో గంభీరమైన మాట కాదు. 'యామా నాషి, ఓచి నాషి, ఇమి నాషి' అన్నదాని పొట్టిరూపం. పతాక సన్నివేశం లేదు, ముక్తాయింపు లేదు, అర్థం లేదు అని తమ రాతలను తామే వెక్కిరించుకున్న మాట. వాటిని చదివే ఆడవాళ్లు తమను తామే పిలుచుకునే పేరు 'ఫుజోషి'. కుళ్లిపోయిన పిల్ల అని. ఎదుటివాడు తిట్టేలోపు మనమే తిట్టుకుంటే వాడికి పనుండదు కదా.

ఇక మూలంలో లేనిది అల్లడం మనకేం కొత్త? వ్యాసుడి భారతంలో శశిరేఖ లేదు. అభిమన్యుడితో ఆమె పెళ్లిని మనవాళ్లే అల్లుకున్నారు, 1957లో 'మాయాబజార్' చూశాక అది భారతంలో లేదంటే నమ్మేవాళ్లే కరవయ్యారు.

అపోహ: ఇద్దరిని షిప్ చేశారంటే (జంటగా ఊహించుకున్నారంటే) దర్శకుడు తీసిందే అది అని వాళ్ల వాదన.

ఇక్కడ కాస్త ఆగాలి, ఇది మన ఇంటి గొడవ కాబట్టి.

'ఆర్ఆర్ఆర్' 2022 మార్చి 25న వచ్చింది. కొన్ని నెలలకు బయటి దేశాల ఫ్యాండమ్ కంట పడింది. వంతెన కింద ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకోవడం, దోస్తీ పాట, జైల్లోంచి రామ్‌ను భీమ్ భుజాలకెత్తుకుని రావడం చూసి వాళ్లు ఇది ప్రేమకథే అన్నారు. 'రామ్/భీమ్' కథలు మొదలయ్యాయి. నేనున్న ఒక తెలుగు గుంపులో ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు. "అన్నా అని పిలుస్తున్నాడు కదరా, చెవులు లేవా వాళ్లకి?" అని ఒకటే రగడ.

చెవులున్నాయి, వాళ్లు చదివింది సబ్‌టైటిల్. సబ్‌టైటిళ్లు రాసే మనిషిగా చెప్తున్నాను, 'అన్నా' అన్న మాటను ఇంగ్లిష్‌లో దించడానికి నా దగ్గర 'బ్రదర్' తప్ప ఏం లేదు. అది అక్కడ దారినపోయేవాణ్ణీ అనే మాట. మన అన్న మాత్రం తక్కువ తిన్నాడా? ఆటో నడిపేవాడూ అన్నే, ఇడ్లీ బండి దగ్గరా అన్నే. అయినా తోడబుట్టినవాడి బరువు ఆ మాటలో ఎక్కడో ఉంటుంది. ఆ బరువు సముద్రం దాటలేదు. అలాగే భుజం మీద చెయ్యేసుకుని నడిచే ఇద్దరు మగవాళ్లు మనకు రోజూ కనిపిస్తారు, వాళ్లకు అరుదు. కాబట్టి వాళ్లు మన మామూలు చనువును అపురూపంగా చూశారన్న ఫిర్యాదులో నిజముంది.

కానీ గీత గీయడమంటే దావా వేయడం కాదు. ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ అనే పెద్ద కథల భాండాగారంలో (మాకది ఏఓ3) నియమం ఇదీ: పేర్ల మధ్య '/' ఉంటే ప్రేమ లేదా శృంగారం, '&' ఉంటే స్నేహం, బంధుత్వం. పాఠకుడికి కావాల్సింది ఏరుకోవడానికి పెట్టిన గుర్తులవి. 'రామ్ & భీమ్' కథలూ అక్కడే ఉన్నాయి. అన్నదమ్ముల కథ కావాలంటే ఆ వరసలో వెతుక్కోవచ్చు, ఎవరూ అడ్డం రారు.

ఇంకో అభ్యంతరాన్ని మాత్రం నేను తేలిగ్గా తీసుకోను. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ కల్పిత పాత్రలు కారు. ఒకరు 1924లో, ఒకరు 1940లో ప్రాణాలిచ్చారు. సినిమాలోని రామ్, భీమ్‌ల మీద కథ వస్తే చదువుతాను, దిద్దుతాను. మన్యం పోరాటం, జోడేఘాట్ పోరాటం చేసిన మనుషుల మీద రాస్తే ముట్టుకోను. ఆ సినిమానే చరిత్రలో కలిసిన దాఖలా లేని ఇద్దరిని కలిపి అల్లిన ఊహ కదా, నీ గీత ఎక్కడ పడుతుందని ఒక స్నేహితురాలు నిలదీసింది. నా గీత అక్కడే పడుతుంది, అంతే.

అపోహ: కోరుకున్న జంట కలవకపోతే దాన్నే క్వీర్‌బెయిటింగ్ అంటారు.

వాస్తవం: బెయిట్ అంటే ఎర. ఎర వేసి చేప పట్టకుండా వదిలేయడం కాదిది, చేప పడ్డాక కూడా ఎర వేయలేదని బుకాయించడం. క్వీర్ ప్రేక్షకులు చూస్తూ ఉండటానికి చాలినంత సూచన ఇచ్చి, మిగతావాళ్లు పారిపోకుండా దాన్నెప్పుడూ తేల్చకపోవడం. కలవకపోవడం వేరు, తేల్చకుండా నానబెట్టడం వేరు.

'సూపర్‌నాచురల్' సిరీస్ 2005 నుంచి 2020 దాకా పదిహేను సీజన్లు నడిచింది. డీన్ అనే వేటగాడు, కాస్టియెల్ అనే దేవదూత. ఏళ్ల తరబడి చూపులు, అలకలు, త్యాగాలు. 2020 నవంబరు 5న, చివరి నుంచి మూడో ఎపిసోడ్‌లో, కాస్టియెల్ డీన్‌తో నిన్ను ప్రేమిస్తున్నానన్నాడు. ఆ మాట అన్న పుణ్యానికి వెంటనే శూన్యం వచ్చి మింగేసింది. డీన్ నోట జవాబు లేదు.

సరిగ్గా ఆ రాత్రే అమెరికాలో అధ్యక్ష ఎన్నికల ఓట్లు లెక్కపెడుతున్నారు, రష్యాలో పుతిన్ దిగిపోతున్నాడని ఓ పుకారు. మూడూ కలగలిసి ఇంటర్నెట్‌కి పిచ్చెక్కింది. ఆ సన్నివేశంలోని రెండు ఫొటోలు తీసుకుని, పై ఫొటోలో కాస్టియెల్ "ఐ లవ్ యూ" అంటే కింద డీన్ ఆరోజు వార్త చెప్పడం ఓ మీమ్ అయింది. రాజీనామాలు, రాజవంశాల్లో చావులు, యుద్ధాలు, ఇప్పటికీ చాలా పెద్ద వార్తలు నాకు ముందు డీన్ మొహం మీదే తెలుస్తాయి. కొన్నాళ్లకు స్పానిష్ డబ్బింగ్‌లో డీన్ "నేనూ అంతే" అని బదులిచ్చినట్టు వచ్చింది. ఇక చూడండి, అసలు స్క్రిప్టులో ఆ మాట ఉండేదనీ తొక్కిపెట్టారనీ ఒక వారం పురాణం నడిచింది. డబ్బింగ్ సినిమాల్లో హీరో పెదాలు ఒకటంటే గొంతు ఇంకొకటి అనడం చూసి పెరిగిన నాకు అందులో కుట్ర కనపడలేదు. నవ్వు మాత్రం ఆగలేదు.

ఆ మీమ్ చూసి "వీళ్లకి అంతా తమాషానే" అన్నవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి ఒక్క మాటకు జవాబు దొరకని జనం, ఆ జవాబు చోట రోజుకో వార్త పెట్టి నింపుతున్నారు. అందులో ఎగతాళి పాలు ఎంత, దిగులు పాలు ఎంత అన్నది మీరే చూడండి.

అపోహ: పాత్ర చనిపోతే ఏడవడం అభిమానుల అతి.

2002 మే నెలలో 'బఫీ' సిరీస్‌లో తారా చనిపోయింది. ప్రియురాలితో మళ్లీ కలిసిన కాసేపటికే, వేరేవాళ్ల కోసం పేలిన తూటా తగిలి. 2016 మార్చి 3న 'ద హండ్రెడ్' సిరీస్‌లో లెక్సా చనిపోయింది. ప్రియురాలితో మొదటిసారి గడిపిన కాసేపటికే, వేరేవాళ్ల కోసం పేలిన తూటా తగిలి. పద్నాలుగేళ్ల తేడాతో అదే తూటా! ఒక్క చావుకు ఎవరూ వీధికెక్కలేదు, ఆ వరస చూసి ఎక్కారు. హాలీవుడ్‌లో 1934 నుంచి 1968 దాకా అమలైన హేస్ కోడ్ ఇలాంటి ప్రేమ ఊసే చాలాకాలం తెరమీద ఎత్తనివ్వలేదు. సైగల్లో చూపించినా ఆ పాత్రకు చావో శిక్షో తప్పేది కాదు. కోడ్ పోయినా చెయ్యి తిరిగిన పద్ధతి అంత త్వరగా పోలేదు.

లెక్సా అభిమానులు తిట్టారు, నిజమే. కొందరు హద్దు కూడా దాటారు. అదే సమయంలో ఆత్మహత్య ఆలోచనల్లో ఉన్న క్వీర్ పిల్లలకు సాయం చేసే ట్రెవర్ ప్రాజెక్ట్ కోసం లక్ష డాలర్లకు పైగా పోగుచేశారు. సిరీస్ నడిపిన రచయిత అదే నెలలో బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. మరుసటి ఏడాది లాస్ వేగాస్‌లో ఆ జంట పేరు మీద ఒక సమావేశమే పెట్టుకున్నారు.

అపోహ: ఫ్యాన్ ఫిక్షన్ సైట్లలో ఉన్నదంతా బూతే, మూసేస్తే పీడా పోతుంది.

రేటింగులున్నాయి, హెచ్చరికలున్నాయి, ట్యాగులు చదవకుండా తలుపు తీసినవాడిది తప్పు. మూసేస్తే ఏమవుతుందో చూశాం కూడా. 2007 మేలో బ్లాగుల సైటు లైవ్‌జర్నల్ ఒక్క దెబ్బకు సుమారు ఐదొందల ఖాతాలు తీసేసింది. అందులో అత్యాచార బాధితులు ఒకరికొకరు ఆసరాగా ఉన్న గుంపులూ పోయాయి. సొంత గూడు ఉండాలన్న పట్టుదల ఆ ఏడాదే బలపడింది. 2009లో ఏఓ3 అందరికీ తెరుచుకుంది, 2019లో సైన్స్ ఫిక్షన్ రచనలకిచ్చే హ్యూగో అవార్డు అందుకుంది. 2020 ఫిబ్రవరి చివర్లో చైనాలో దాన్ని ఆపేశారు. ఒక నటుడి మీద రాసిన కథ నచ్చక ఆయన అభిమానులు మూకుమ్మడిగా ఫిర్యాదు చేశాక జరిగింది అది. సాటి అభిమానులే! అదే దేశంలో నవలల్లోని మగ ప్రేమికులు టీవీకొచ్చేసరికి ప్రాణస్నేహితులైపోతే, ప్రేక్షకులు దానికి పెట్టిన పేరు 'సోషలిస్టు సౌభ్రాతృత్వం'. సెన్సారు మీద విసిరిన రాయి అది, సెన్సారు తప్పుపట్టలేని మాటల్లో.

జోకు ఎవరి మీదో తెలియక ఎవరికి వాళ్లు భుజాలు తడుముకోవడం చూసినప్పుడల్లా మన ఆడవాళ్ల పాట 'లక్ష్మణదేవర నవ్వు' గుర్తొస్తుంది. కొలువులో లక్ష్మణుడు నవ్వగానే ఒక్కొక్కరూ తమ లోపం తలుచుకుని తననే అన్నాడనుకుంటారు. ఆయన నవ్వింది నిద్రాదేవిని చూసి.

అపోహ: క్వీర్ పాత్రలు క్వీర్ మనుషులే రాయాలి, వాళ్లే నటించాలి, ముందు రుజువు చూపించాలి.

అవకాశాలు వాళ్లకు దక్కాలన్నది న్యాయమైన కోరిక. రుజువు అడగడం దగ్గరే చెడింది. బెకీ ఆల్బర్టల్లి అనే నవలా రచయిత్రి 2020 ఆగస్టులో, 'హార్ట్‌స్టాపర్' సిరీస్ నటుడు కిట్ కానర్ 2022 అక్టోబరు 31న, తాము బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరినీ ప్రేమించగలవాళ్లం) అని బయటికి చెప్పాల్సి వచ్చింది. ఇష్టపడి కాదు, నువ్వు మావాడివి కావు, మమ్మల్ని వాడుకుంటున్నావు అన్న దాడి తట్టుకోలేక. అప్పటికి కిట్ వయసు పద్దెనిమిది. క్వీర్‌బెయిటింగ్ అన్న మాట కథలకు, వాటిని అమ్మేవాళ్లకు వర్తిస్తుంది. బతికున్న మనిషి విషయంలో అది వేలు పెట్టకూడని చోటు. ఈ విషయంలో మా ఫ్యాండమ్‌ను నేను వెనకేసుకురాను.

అపోహ: తెలుగులో ఇవన్నీ రాయలేం, భాష ఒప్పుకోదు.

మన కామెడీ ట్రాకుల్లో 'తేడా' అన్న మాట ఏళ్లుగా బ్రహ్మాండంగా పనిచేసింది, అంటే భాషకు ఇబ్బంది లేదు. పేపర్లు రాసే 'స్వలింగ సంపర్కులు' అన్న మాట మనిషిని మంచం దాకా తీసుకెళ్లి అక్కడే వదిలేస్తుంది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 'అ!' సినిమాలో, కూతురు ప్రేమించిన క్రిష్ అబ్బాయనుకుని వచ్చిన తల్లిదండ్రులకు ఎదురుగా అమ్మాయి కనిపిస్తుంది. హాల్లో జనం నవ్వారు, కానీ ఆ అమ్మాయిలను చూసి కాదు. అదే ఏడాది సెప్టెంబరు 6న ఇలాంటి బంధాలను నేరం చేసిన 377 సెక్షన్ మీద సుప్రీంకోర్టు తీర్పిచ్చి, ఆ నేరం ముద్ర తీసేసింది.

అసలు చిక్కు పిలుపుల్లో ఉంది. ఈమధ్య ఒక కుర్రాడు రాసిన కథ బీటా చదివాను. గుంటూరు హాస్టల్లో ఇద్దరు రూమ్మేట్లు. మొదటి రెండు అధ్యాయాల్లో మాటకు ముందు 'బావా', మాటకు వెనక 'బావా'. మన మగపిల్లల సంగతి తెలిసిందే, పిల్లనిచ్చి పుచ్చుకునే వరసతో పొద్దస్తమానం పిలుచుకుంటారు, ఎవరికీ ఏమీ అనిపించదు. ఇంగ్లిష్‌లో దాన్ని 'డ్యూడ్' అని రాసి చేతులు దులుపుకుంటాం. మూడో అధ్యాయం నుంచి ఒకడి నోట ఆ పిలుపు మాయమై 'ఒరేయ్' వచ్చింది. పొరపాటేమో అనుకుని పక్కన గుర్తు పెట్టి అడిగాను.

"పొరపాటు కాదక్కా," అని రాశాడు. "ఇప్పుడు వాడు నిజంగా ప్రేమిస్తున్నాడు. ఇంకా బావా అని సరదాకి ఎలా అంటాడు?"