బైరాడ్స్ 4 అంటే నాలుగో స్టేజీ కాదు: స్కాన్ గ్రేడ్‌లపై అపోహలు - వాస్తవాలు

అమీర్‌పేటైనా దిల్‌సుఖ్‌నగరైనా, స్కానింగ్ సెంటర్ కౌంటర్ దగ్గర కవరు చేతికి రాగానే అందరి చూపూ రిపోర్టు చివర ఉండే 'ఇంప్రెషన్' మీదికే పోతుంది. అక్కడ టైరాడ్స్ 4 (థైరాయిడ్ గడ్డకిచ్చే గ్రేడు) అనో, గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అనో ఉంటుంది. మెట్రో ఎక్కేలోపు దాని ఫొటో ఇంటి వాట్సాప్ గ్రూపులో పడుతుంది. డాక్టరు చూసేది మర్నాడు సాయంత్రం ఓపీలో. ఈలోగా 'నాలుగంట' అన్న మాట చుట్టాలందరికీ చేరిపోతుంది.

అన్ని అంకెల్నీ ఒకే లెక్కన చదవడంతోనే వస్తోంది చిక్కంతా. కొన్ని అంకెలు 'ఇది క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంత' అన్నదానికి జవాబు. కొన్ని 'ఎంత మేర పాడైంది' అన్నదానికి. ఇంకొన్ని ఈ రెండూ చెప్పవు, తెర మీద ఎంత తెల్లగా కనబడిందో మాత్రమే చెబుతాయి.

అపోహ: బైరాడ్స్ 4 అంటే రొమ్ము క్యాన్సర్ నాలుగో స్టేజీ. బైరాడ్స్ 0 అంటే ఏమీ లేదు.

రెండూ తప్పే, రెండోది ఇంకా ప్రమాదం.

క్యాన్సర్ అని ముక్క పరీక్ష (బయాప్సీ)లో తేలాక, గడ్డ ఎంతుంది, చంకలో గ్రంథులకు చేరిందా, వేరే అవయవాలకు పాకిందా అని చూసి చెప్పేది స్టేజీ. బైరాడ్స్ దానికంటే చాలా ముందు మాట. మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రిపోర్టుల్లో ఒక్కొక్కరు ఒక్కో భాష రాస్తుంటే, అందరూ ఒకే మాట రాయాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 1993లో తెచ్చిన పద్ధతి ఇది.

ఇందులో 0 అంటే 'పరీక్ష పూర్తి కాలేదు' అని అర్థం. పాత ఫిల్ములతో పోల్చాలి, లేదా అల్ట్రాసౌండ్ గానీ, వేరే కోణాల్లో అదనపు ఫిల్ములు గానీ తీయాలి. సున్నా చూసి ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లి మళ్లీ రాకపోతే, అసలు జవాబు రానేలేదన్నమాట. నిజంగా ఏమీ లేకపోతే వచ్చేది 1. హాని లేనిదేదో కనబడితే 2. 3 అంటే క్యాన్సర్ అవకాశం 2 శాతానికి మించదు. 6 నెలలకోసారి, తర్వాత ఏడాదికి చూస్తూ మొత్తం రెండేళ్లు గమనిస్తారు.

4లోనే మూడు మెట్లున్నాయి. 4ఏ అంటే 2 నుంచి 10 శాతం, 4బీ అంటే 10 నుంచి 50, 4సీ అంటే 50 నుంచి 95. అంటే 4ఏ వచ్చిన పది మందిలో కనీసం తొమ్మిది మందికి క్యాన్సర్ ఉండదు. అయినా ముక్క పరీక్ష మానకూడదు. రిపోర్టులో ఉత్త '4' అని ఉంటే ఏ మెట్టో అడగండి. 5 అంటే 95 శాతం, ఆపైన. 6 అంటే క్యాన్సర్ అని అప్పటికే బయాప్సీలో తేలినవాళ్లకు వేసే అంకె.

4 గానీ 5 గానీ వస్తే మొదటి పని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, చోటు మొద్దుబారడానికి ఇంజెక్షన్ ఇచ్చి, సూదితో చేసే కోర్ బయాప్సీ. 'ముందు గడ్డ తీసేద్దాం, తర్వాత పరీక్షకి పంపుదాం' అనేది వెనకటి పద్ధతి. అలా తీసేశాక క్యాన్సరని తేలితే రెండో ఆపరేషన్ తప్పకపోవచ్చు.

అదే రిపోర్టులో ఏ, బీ, సీ, డీ అని ఇంకో అక్షరం ఉంటుంది. అది రొమ్ము కణజాలం ఎంత చిక్కగా ఉందో చెప్పే గుర్తు, జబ్బుకి సంబంధించింది కాదు. సీ, డీ అయితే చిన్న గడ్డలు మామోగ్రామ్‌లో దాక్కుంటాయి కాబట్టి అల్ట్రాసౌండ్ కూడా తోడు చేస్తారు.

అపోహ: టైరాడ్స్ 4 వస్తే సూది పరీక్ష తప్పదు.

గ్రేడు ఒక్కటే చాలదు, సైజు కూడా కలవాలి. 2017 నాటి ఏసీఆర్ (అదే అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ) టైరాడ్స్‌లో థైరాయిడ్ గడ్డకి ఐదు విషయాల్లో మార్కులు వేస్తారు: గట్టిదా నీటిదా, ఎంత నల్లగా కనబడుతోంది, వెడల్పు కంటే ఎత్తు ఎక్కువా, అంచులెలా ఉన్నాయి, లోపల తెల్ల చుక్కలున్నాయా. మొత్తం 3 అయితే టీఆర్3 (అంటే టైరాడ్స్ 3), 4 నుంచి 6 అయితే టీఆర్4, 7 గానీ ఆపైన గానీ అయితే టీఆర్5.

ఒక లెక్క చూద్దాం. 1.2 సెంటీమీటర్ల గట్టి గడ్డ (2), నల్లగా ఉంది (2), అడ్డంగా ఉంది (0), అంచులు నునుపు (0), చుక్కలు లేవు (0). మొత్తం 4, అంటే టీఆర్4. దీనికి సూది గుచ్చాలంటే 1.5 సెంటీమీటర్లు ఉండాలి. 1 దాటింది కాబట్టి మళ్లీ స్కాన్ చేస్తూ చూస్తే చాలు. టీఆర్5కి ఆ హద్దు 1 సెంటీమీటర్, టీఆర్3కి 2.5.

తేడా కొట్టేది ఎక్కువగా తెల్ల చుక్కల దగ్గరే. గడ్డలోని కొల్లాయిడ్ (జిగురులాంటి పదార్థం) వల్ల వచ్చే పెద్ద చుక్కకి వెనకాల తోకలాంటి గీత ఉంటుంది. దానికి 0 మార్కులు. తోక లేని సన్నటి చుక్కలకి 3. తోక గమనించకుండా 3 వేస్తే, పైన చెప్పిన అదే గడ్డ 7 మార్కులతో టీఆర్5లోకి దూకుతుంది, సూదీ పడుతుంది. రిపోర్టులో గ్రేడుతో పాటు మార్కుల వివరం కూడా రాయాలనేది ఇందుకే.

ఏ టైరాడ్స్ అన్నది కూడా ముఖ్యమే. 2.2 సెంటీమీటర్ల గట్టి గడ్డ, చుట్టూ ఉన్న థైరాయిడ్ రంగులోనే, నునుపైన అంచులతో ఉందనుకోండి. ఏసీఆర్ లెక్కన 3వ తరగతి, 2.5 దాటలేదు, సూది వద్దు. యూరోపియన్ టైరాడ్స్ లెక్కనా 3వ తరగతే. కానీ అక్కడ హద్దు 2 సెంటీమీటర్లు, సూది కావాలి. అంకె ఒకటే, చేయాల్సిన పని వేరు.

ఇక సూది పరీక్ష ఫలితం బెథెస్డా అనే ఇంకో వరసలో వస్తుంది, 1 నుంచి 6 దాకా. టైరాడ్స్ 4 ఉన్న గడ్డకి బెథెస్డా 2 వస్తే 'నాలుగు నుంచి రెండుకి తగ్గింది' అని సంబరపడేవాళ్లున్నారు. తగ్గడమేమీ లేదు, అవి రెండు వేర్వేరు పరీక్షల అంకెలు. సంబరం మాత్రం సబబే. బెథెస్డా 2 అంటే హాని లేని గడ్డ.

అపోహ: ఫ్యాటీ లివర్ గ్రేడ్ 1 అందరికీ ఉండేదే. గ్రేడ్ 3 అంటే లివర్ పోయినట్టే.

హెల్త్ చెకప్ ప్యాకేజీల పుణ్యమా అని నగరంలో ఎక్కువగా వినబడే గ్రేడు ఇదే, ఎక్కువగా అపార్థమయ్యేదీ ఇదే. ఇది కేవలం తెలుపు లెక్క. కుడి కిడ్నీ పైపొర కంటే లివర్ తెల్లగా ఉండి, లోపలి రక్తనాళాల గోడలు, డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) గీత స్పష్టంగా ఉంటే గ్రేడ్ 1. నాళాల గోడలు మసకబారితే 2. వెనక భాగం, డయాఫ్రమ్ కనబడకుండా పోతే 3.

దీంట్లో లోపాలు చాలానే ఉన్నాయి. మిషన్‌లో గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచితే లివర్ తెల్లబడుతుంది. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కిడ్నీయే తెల్లగా ఉంటుంది కనుక పోలిక చెడుతుంది. కొవ్వు తక్కువగా ఉంటే అసలు దొరక్కపోవచ్చు. కాబట్టి ఒక సెంటర్‌లో 2, ఆర్నెల్లకి ఇంకో సెంటర్‌లో 1 వస్తే, తగ్గిందని మొక్కు తీర్చుకునే ముందు ఒకసారి ఆలోచించాలి.

అసలు చూడాల్సింది లివర్ మచ్చబడి గట్టిపడుతోందా అని. ఈ గ్రేడు దాన్ని చెప్పదు. గ్రేడ్ 1 ఉన్న షుగర్ మనిషికి మచ్చలుండొచ్చు, గ్రేడ్ 3 ఉన్నవాళ్లకి లేకపోవచ్చు. చేతిలో ఉన్న రక్తపరీక్షలతోనే ఫిబ్-4 లెక్క కట్టొచ్చు: వయసుని ఏఎస్‌టీ (రిపోర్టులో ఎస్‌జీఓటీ)తో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్లు ఇంటూ ఏఎల్‌టీ (ఎస్‌జీపీటీ) వర్గమూలంతో భాగించాలి. మన ల్యాబ్‌లు ప్లేట్‌లెట్లు లక్షల్లో ఇస్తాయి, 2.5 లక్షలుంటే లెక్కలో 250 అని వేసుకోవాలి. వయసు 45, ఏఎస్‌టీ 40, ఏఎల్‌టీ 64, ప్లేట్‌లెట్లు 2.5 లక్షలు అయితే 1800 భాగహారం 2000, అంటే 0.9. 1.3 కంటే తక్కువ వస్తే ముదిరిన మచ్చలు ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఆలస్యం చేయకూడదు. 65 దాటినవాళ్లకి కింది హద్దు 2గా తీసుకుంటారు. మధ్యలో ఉంటే ఫైబ్రోస్కాన్ (లివర్ గట్టిదనం కొలిచే పరీక్ష), అదీ కనీసం 3 గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. తిని వెళితే లివర్ ఉన్నదానికంటే గట్టిగా కనబడుతుంది.

అపోహ: ఎక్స్‌రేలో గ్రేడ్ 4 మోకాలంటే మార్పిడి ఆపరేషనే.

కెల్‌గ్రెన్, లారెన్స్ 1957లో చెప్పిన ఈ 0-4 గ్రేడులు ఎముకల మధ్య సందు, పక్కన పెరిగిన ముళ్లు చూస్తాయి, నొప్పిని చూడవు. గ్రేడ్ 4తో బోనాలకి నడిచి వెళ్లేవాళ్లున్నారు, గ్రేడ్ 2తో మెట్లు ఎక్కలేనివాళ్లున్నారు. ఎక్స్‌రే నిలబెట్టి తీశారో లేదో చూడండి. పడుకోబెట్టి తీస్తే సందు ఎక్కువున్నట్టు కనబడి గ్రేడు తగ్గుతుంది.

అపోహ: గ్రేడ్ 2 ప్రొస్టేట్ అంటే క్యాన్సర్ మొదలైనట్టు.

అది ఉబ్బు సైజు మాత్రమే. ఎన్ని మిల్లీలీటర్లో అడగండి, గ్రేడు కంటే అదే పనికొస్తుంది. క్యాన్సర్ అనుమానానికి ఎంఆర్‌ఐలో పైరాడ్స్ వేరే ఉంది, బయాప్సీ తర్వాత క్యాన్సర్ కణాల తీరు చెప్పే గ్లీసన్ స్కోరు వేరే ఉంది.

అపోహ: కొరాడ్స్ 5 అంటే ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నట్టు.

2021 వేసవిలో ఈ గందరగోళం ప్రతి ఇంట్లోనూ నడిచింది. ఛాతీ సీటీ రిపోర్టులో కొరాడ్స్ చెప్పేది కోవిడ్ అయ్యే అవకాశం ఎంతని. ఎంత పాకిందో చెప్పేది 25కి వేసే సీటీ స్కోరు: ఊపిరితిత్తుల్లో ఐదు లోబులు (భాగాలు), ఒక్కోదానికి 5. కొరాడ్స్ 5, స్కోరు 4 ఉన్న మనిషి ఇంట్లోనే కోలుకోవచ్చు.

అపోహ: పాత రిపోర్టు కాగితం ఉంటే పోల్చడానికి చాలు.

గ్రేడు పక్కన గ్రేడు పెట్టి పోల్చడం అసలు పోలికే కాదు. ఉదాహరణకి థైరాయిడ్ గడ్డ పెరిగిందనాలంటే కనీసం రెండు కొలతల్లో 20 శాతం, అదీ 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరగాలి, లేదా ఘనపరిమాణం సగం పైన పెరగాలి. 12 మిల్లీమీటర్లది 13 అయితే అది కొలిచే చేతి తేడా కావొచ్చు. దీన్ని తేల్చాలంటే పాత బొమ్మలే కావాలి. సీటీ, ఎంఆర్‌ఐ, మామోగ్రామ్ తీయించుకున్నప్పుడు డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు బొమ్మలు) ఉన్న సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి. కిటికీకి ఆనించి ఫోన్‌లో తీసిన ఫిల్ము ఫొటో మీద ఎవరూ గ్రేడు వేయలేరు. వేస్తే నమ్మకండి.