సూర్యలంక ఇసుకలో బండి, ఆటోనగర్‌లో అసలు కథ

సంక్రాంతి సెలవులు అయ్యాయో లేదో, బాపట్ల దగ్గర సూర్యలంక ఒడ్డున రాత్రిళ్ళు క్యారవాన్, అంటే మంచం, పొయ్యి ఉన్న బండి ఆపుకొని అందులోనే పడుకునేవాళ్ళ గురించి మళ్ళీ మాట పెరిగింది. మాకు ఆపుకునే చోటు చూపించండి అని బండివాళ్ళు అడుగుతున్నారు. ఆ చోటు మా పడవల మధ్యే ఎందుకు కావాల్సొచ్చింది అని ఒడ్డు జనం అడుగుతున్నారు. విజయవాడలోనో గుంటూరులోనో కూర్చుని చూస్తే ఇదేదో టూరిజం తగాదాలా ఉంటుంది. నాకు మాత్రం దీని మొదలు ఆర్సీలో కనిపిస్తోంది.

పాత సంగతుల జోలికి పెద్దగా వెళ్ళను. 1982లో ఎన్టీఆర్ చైతన్య రథం, దాని స్టీరింగ్ పట్టిన హరికృష్ణ, షూటింగుల్లో హీరోల క్యారవాన్లు తెలియని తెలుగువాడు లేడు. కేంద్ర పర్యాటక శాఖ 2009-10 ప్రాంతంలోనే క్యారవాన్ల కోసం ఒక విధానం రాసి పెట్టింది. దాని వల్ల మన తీరంలో ఒక్క కొళాయి కూడా రాలేదు కాబట్టి దాన్నీ వదిలేద్దాం.

ఒక్క యాత్ర బస్సు గురించి మాత్రం చెప్పాలి. గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కాశీకో రామేశ్వరానికో బయల్దేరే ఆ బస్సు టాపు మీద బియ్యం బస్తా, గుండిగలు, గ్యాస్ పొయ్యి, వెనక సీట్లో వంటమనిషి. మధ్యాహ్నం ఏ చెరువు గట్టునో ఆపి వండుకొని, ఆకుల్లో తిని, మళ్ళీ ఎక్కేవాళ్ళు. చూడబోతే చక్రాల మీద వంటిల్లు. కానీ రాత్రయ్యేసరికి బస్సు ఏదో సత్రం ముందు ఆగేది. స్నానం, దొడ్డి, పడక అన్నీ సత్రం చూసుకునేది. ఇప్పటి క్యారవాన్ ఆ సత్రాన్ని తీసేసింది. దాని పని ఎవరు చేస్తారో తేల్చకుండానే తీసేసింది.

ఇక ఆటోనగర్. లారీ బాడీలకు, బస్సు బాడీలకు విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు ఉన్న పేరు తెలిసిందే. అక్కడి మేస్త్రీలకు ఒక టెంపో ట్రావెలర్ ఇచ్చి, ఇందులో మంచం, సింకు, చిన్న బాత్రూము పెట్టమంటే పెద్ద పనేం కాదు. సీట్లు విప్పడం, ప్లైవుడ్ గోడలు, పైన రేకు, ఫ్లోరు కింద నీళ్ళ ట్యాంకు, ఒక బ్యాటరీ, ఇన్వర్టర్. అన్నీ చేతి కింద పనులే. ఒకప్పుడు అలా చేయించుకొని, బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కు చూపించి, ఏదోలా ఆర్సీలో రాయించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఎలా రాయించుకున్నారనేది ఎవరి తెలివితేటలు వాళ్ళవి.

ఈ కథ మలుపు తిరిగింది 2019 జనవరిలో, తొమ్మిది రోజుల తేడాతో వచ్చిన రెండు కాగితాల వల్ల. ఈ రెండిటినీ కలిపి చదివినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు.

మొదటిది జనవరి 9న సుప్రీంకోర్టు తీర్పు. కేరళ నుంచి వెళ్ళిన కేసు అది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఏం చెబుతోందో కోర్టు తేల్చింది. తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. రంగు మార్చుకోవడం, చిన్నాచితకా బిగింపులు వేరు. బాడీ జోలికి వెళ్తే కుదరదు. తీర్పు వెనక ఉద్దేశం రోడ్డు భద్రత, దాన్ని తప్పుపట్టడానికి లేదు. ఇష్టమొచ్చినట్టు బరువు పెంచిన బండి ఘాట్ రోడ్డు మీద బ్రేకు వేస్తే ఏమవుతుందో ఆటోనగర్‌లోనే చెబుతారు.

దీంతో దారి మొత్తం మూసుకుపోలేదు, సన్నబడింది. 2004లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సొంత వాడకానికి ఉంచుకునే క్యాంపర్ వ్యాన్ నాన్-ట్రాన్స్‌పోర్ట్ బండే, అంటే కిరాయి బండి కాదు. క్యారవాన్ల తయారీకి ఏఐఎస్-124 అనే ప్రమాణం కూడా ఉంది. దానికి తగ్గట్టు కట్టి, పుణె లాంటి చోట టెస్టింగ్ సంస్థ దగ్గర టైప్ అప్రూవల్ (ఆ రకం బండి ప్రమాణానికి తగ్గట్టే ఉందన్న ఆమోదం) తెచ్చుకుంటే దర్జాగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. పదుల సంఖ్యలో ఒకే రకం బళ్ళు కట్టే కంపెనీకి అది గిట్టుబాటవుతుంది. ఒక్క బండి కోసం ఒక మేస్త్రీ పుణె దాకా వెళ్ళిరావడం జరిగే పని కాదు.

మరి ఆ మేస్త్రీ ఏం చేశాడు? ఇక్కడే అసలు కిటుకు. బిగించడం మానేశాడు. మడత మంచం, పక్కకు తీసేసే పొయ్యి, సీట్ల మధ్య కూర్చునే ప్లాస్టిక్ నీళ్ళ డబ్బా. ఎఫ్‌సి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) పరీక్ష రోజున అన్నీ ఇంట్లో పెట్టి, సీట్లు మళ్ళీ బిగించుకొని వెళ్తే కాగితానికీ బండికీ తేడా ఉండదు. ఆర్సీలో అది మామూలు ప్యాసింజర్ బండి, శనివారం రాత్రికి ఇల్లు.

అలా విప్పి బిగించే బండిలో వాడిన నీళ్ళకు ట్యాంకు ఉండదు. ట్యాంకు పెట్టాలంటే ఫ్లోరు కొయ్యాలి, గొట్టాలు వెయ్యాలి, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ కంట పడుతుంది. కాబట్టి సింకు కింద ఒక గొట్టం, ఆ గొట్టం కింద నేల. బాత్రూము సంగతి చెప్పక్కర్లేదు, బకెట్టు. బండిని మార్చొద్దన్న నియమం వల్ల బళ్ళేమీ తగ్గలేదు. ట్యాంకులు లేని బళ్ళు మిగిలాయి. సూర్యలంకలో ఇవాళ ముక్కు మూసుకునేవాళ్ళకు ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఒకసారి మిత్రుడి బండిలో నేనూ వెళ్ళాను. గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి తొమ్మిది కిలోమీటర్లు. (ఈమాత్రం దూరానికి ఇల్లు మోసుకెళ్ళడం ఎందుకని మా ఇంట్లో అడిగారు. జవాబు ఇప్పటికీ దొరకలేదు.) సరుగుడు చెట్ల వార పెట్టుకున్నాం. రాత్రి ఎవరో టార్చి వేసి చూసి వెళ్ళారు. తెల్లారి పళ్ళు తోముకొని, గిన్నెలు కడిగాక కిందికి దిగితే, బండి కింద నుంచి సబ్బు నురుగు సన్నటి కాలవ కట్టి ఇసుకలో పోతోంది. దాని చివర నాలుగు బారల దూరంలో ఒక పెద్దావిడ వల పరిచి చేపలు ఎండబెడుతోంది. ఆవిడ అరవలేదు. వల అంచు పట్టుకొని మెల్లగా అవతలికి లాక్కుంది. ఎందుకమ్మా అనబోయి, కాలవ చూసి ఊరుకున్నాను. మీరు వెళ్తారు నాయనా, ఎండబెట్టుకునే చోటు మాకిదే అంది. అంతకుమించి ఏమీ అనలేదు.

రెండో కాగితం జనవరి 18న వచ్చిన కొత్త సీఆర్‌జెడ్ (కోస్టల్ రెగ్యులేషన్ జోన్) నోటిఫికేషన్. తీరం నియమాలు మొదట 1991లో వచ్చాయి. పోటు గీత (పోటు సమయంలో సముద్రం ఎక్కే హద్దు) నుంచి 500 మీటర్ల దాకా నియంత్రణ, పల్లె ప్రాంతాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు వీల్లేదు. 2011లో ఒకసారి, 2019లో మరోసారి మార్చారు. 2019లో జనసాంద్రత ఎక్కువున్న పల్లెల్లో ఆ 200 మీటర్లను 50కి తగ్గించారు. బీచ్‌లలో పోటు గీతకు పది మీటర్లు వదిలి తాత్కాలిక పాకలు, టాయిలెట్లు, బట్టలు మార్చుకునే గదులు పెట్టుకోవచ్చన్నారు. రాష్ట్రం తీర ప్రణాళికను దానికి తగ్గట్టు మార్చి ఆమోదం తెచ్చుకునేదాకా పాత నియమాలే నడుస్తాయన్న షరతు కూడా ఉంది. దాన్ని మాత్రం చాలామంది చదవరు.

ఆ నోటిఫికేషన్‌లో పాక ఉంది, గది ఉంది, టాయిలెట్ ఉంది. రాత్రంతా నిలబడే బండి ఊసు లేదు. బండివాళ్ళు పట్టుకున్నది దాన్నే. మాది కట్టడం కాదు, చక్రాలున్నాయి, పొద్దున్నే పోతాం అంటారు. కాగితం ప్రకారం వాదన నిలుస్తుంది.

ఒడ్డు జనం చెప్పేది వినండి. వలలు దాచుకోవడానికి తాటాకు పాక వేసుకుంటే కొలతలు అడుగుతారు. ఇల్లు పాతబడితే బాగుచేసుకోవడానికి కాగితాలు తిప్పాలి. వాళ్ళ తాతల నాటి నుంచి ఉన్న చోటే అది. అదే చోటికి ఒక బండి వచ్చి, పక్కన టెంటు గుడ్డ లాగి, బల్ల, కుర్చీలు వేసి, దీపాల తోరణం కట్టి మూడు రాత్రులు ఉంటే దానికి ఏ కొలతా లేదు. చక్రాలు ఉన్నంత మాత్రాన అది ఇల్లు కాకుండా పోతుందా అని వాళ్ళు అడుగుతారు. నాకైతే ఈ ప్రశ్న ముందు నోటిఫికేషన్ వాదన కొంచెం పల్చగానే కనిపిస్తుంది.

పైగా అక్కడ మిగిలిన ఇసుక ఎంతని? ఒకపక్క ఎయిర్ ఫోర్స్ స్టేషన్, అక్కడి నుంచి క్షిపణుల పరీక్షలు జరుగుతాయి. మరోపక్క రిసార్టులు. కార్తీక పౌర్ణమికి సముద్రస్నానాలకు వచ్చే జనం సరేసరి. వాళ్ళ మీద ఒడ్డున ఎవరికీ కోపం లేదు, మునిగి లేచి పోతారు, నాలుగు బజ్జీలు కొంటారు. ఇక సరుగుడు తోట. 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ, బాపట్ల వైపు పల్లెలు ఎలా కొట్టుకుపోయాయో చూశాక, గాలికి అడ్డుగా ఈ తీరంలో సరుగుడు పెంచడం ఊపందుకుంది. నీడ కోసం బళ్ళు చేరేది ఆ తోటల వారనే. ఎండిన సరుగుడు ఆకు మీద చలిమంట వేసేవాళ్ళను చూస్తే అక్కడివాళ్ళకు ఎందుకు టెన్షన్ వస్తుందో చెప్పాలా?

దీపాల తోరణం గురించి అటవీశాఖకు వేరే బాధ ఉంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఈ ఒడ్డుకు వస్తాయి. గుడ్లను కాపాడటానికి సూర్యలంకలో హేచరీ కూడా నడిపారు. పిల్లలు గుడ్లు పగిలి బయటికొచ్చాక వెలుతురు ఎటుంటే అటు నడుస్తాయి. చీకటి రాత్రి సముద్రం మీద కనిపించే వెలుగే వాటికి దారి. ఒడ్డున ఎల్ఈడీలు పెడితే అవి రోడ్డు వైపు వస్తాయి.

బండివాళ్ళ వైపు కూడా న్యాయం లేకపోలేదు. 216 జాతీయ రహదారి బాగుపడ్డాక మచిలీపట్నం నుంచి మోపిదేవి, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు దాకా తీరం వెంట హాయిగా పోవచ్చు. మంగినపూడి బీచ్‌లో ఒక రాత్రి, చీరాల దగ్గరి ఓడరేవు బీచ్‌లో ఒక రాత్రి అనుకుంటే బాగానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న తల్లిని తీసుకెళ్ళేవాళ్ళకు దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకదు, బండిలోదే దిక్కు. బంకులో ఆపితే గంటకోసారి లేపుతారు. డబ్బులు తీసుకొని నీళ్ళు, కరెంటు ఇచ్చి, మురుగు ట్యాంకు ఖాళీ చేసుకోనిచ్చే చోటు ఈ దారిలో నాకు తగల్లేదు.

2025లో రాష్ట్ర ప్రభుత్వం క్యారవాన్ టూరిజం విధానం తెచ్చాక గొడవ ఇంకో రంగు తిరిగింది. ఆ విధానం పార్కులంటుంది, రాయితీలంటుంది. అవి ఎవరికి? క్యారవాన్ అని ఆర్సీలో ఉన్నవాళ్ళకు. మడత మంచం బండికి ఆ పార్కు గేటు తెరుచుకోవాలంటే ముందు అది తాను క్యారవాన్‌నని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే 52వ సెక్షన్ ఎదురుగా నిలబడుతుంది. కాబట్టి రేపు సూర్యలంక పక్కన ఎంత మంచి పార్కు కట్టినా, ఇప్పుడు సరుగుడు వార ఆగుతున్న బళ్ళలో చాలావాటికి అది పనికిరాదు. అవి చీకటిపడ్డాకే వస్తాయి, ఇప్పుడొస్తున్నట్టే.

కేరళ 2021లో ఇలాంటి విధానమే తెచ్చింది. పార్కుకు కనీసం 50 సెంట్ల స్థలం, అయిదు బళ్ళకు చోటు ఉండాలంది. అంత పొడవు సముద్ర తీరం ఉన్న రాష్ట్రంలో మొదటి పార్కు వచ్చింది వాగమన్ కొండల మీద. మన దగ్గర మాత్రం పార్కు అనగానే అందరి వేలూ అలల వైపే చూపిస్తుంది. బాపట్ల ఊళ్ళో ఎక్కడైనా చదునైన స్థలంలో కొళాయి, మురుగు ట్యాంకు పెట్టి, పగలు బీచ్‌కు వెళ్ళి రాత్రికి వచ్చి పడుకోమంటే ఒడ్డు జనానికి అభ్యంతరం లేదు. బండివాళ్ళలో నేను అడిగినవాళ్ళు మొహం చిట్లించారు. తలుపు తీస్తే సముద్రం కనబడకపోతే ఇంక బండి ఎందుకు అన్నారు.

తగాదా ఈ నెలతో చల్లబడేలా కూడా లేదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ 61 రోజులూ మరబోట్లు నీళ్ళలోకి దిగవు. ఇంజన్లు విప్పి, అడుగుకు తారు పూసి, వలలు అల్లుకుంటూ బోట్లన్నీ ఇసుక మీదే ఉంటాయి. విజయవాడ, గుంటూరు బళ్ళకు వేసవి సెలవులు ఇచ్చేదీ అప్పుడే.