అంతమంది ఎందుకు తాతయ్యా?

పెరంబూరు, చెన్నై

చిరంజీవి అమ్ములుకీ, చిన్నిగాడికీ తాతయ్య ఆశీస్సులు.

అమ్ములూ, మొన్న ఫోన్లో అడిగావు కదా: "ఫైర్ స్టేషన్ అంకుల్స్ ఎప్పుడు చూసినా బండి కడుగుతూనో, వాలీబాల్ ఆడుతూనో ఉంటారు. అంతమంది ఎందుకు తాతయ్యా?" అని. ఖర్చుల లెక్క చూసే పెద్దవాళ్ళూ ఇదే అడుగుతారు. కాకపోతే నీ అంత ముద్దుగా అడగరు.

మీ అత్త పెళ్ళిలో వడ్డన గుర్తుందా? బంతిలో వందమంది కూర్చుంటే, వడ్డించేవాళ్ళు ఇద్దరే ఉంటే ఏమవుతుంది? పప్పు వచ్చేసరికి అన్నం చల్లారుతుంది. సాంబారు బకెట్ వంటశాలలో ఉంటే లాభం లేదు, బంతి పక్కనే ఉండాలి. గుండిగ లోతైనదైతే గరిటె పొడుగ్గా ఉండాలి. పైగా పెళ్ళికి ఎందరొస్తారో కాస్త అంచనా ఉంటుంది. మంట మాత్రం పిలవని పేరంటం. అందుకని పగలూ రాత్రీ విస్తళ్ళు వేసి, ఎసరు మరిగిస్తూ ఉండాల్సిందే. నువ్వు చూసిన వాలీబాల్ ఆ మరిగే ఎసరే.

ఇప్పుడు చిన్నిగాడికో లెక్క. బండిలో ఒక్క సీటు ఎప్పుడూ ఖాళీ లేకుండా ఉండాలనుకో. రోజుకు ఎనిమిదేసి గంటల డ్యూటీలు మూడు, వారానికి 21. ఒక మనిషి వారానికి ఆరు చేస్తాడు. అంటే ఒక్క సీటుకే మూడున్నర మంది! సెలవులు, జ్వరాలు, శిక్షణ కలిపితే నలుగురు దాటుతారు. ఒక్కొక్క బండికి ఎన్ని సీట్లో నువ్వే చూసి గుణించు.

దూరం సంగతి ఇంకా తమాషా. నగరాల్లో బండి 5 నుంచి 7 నిమిషాల్లో చేరాలంటారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 5 నిమిషాల్లో రెండున్నర కిలోమీటర్లు పోవచ్చు. ట్రాఫిక్ వల్ల వేగం సగమైందా, అందుకునే దూరం సగం, కానీ పొడవూ వెడల్పూ రెండూ సగమవుతాయి కనుక కాపాడే ప్రాంతం నాలుగో వంతే. అంటే స్టేషన్లు నాలుగింతలు కావాలి. మన టి.నగర్ ట్రాఫిక్ తలచుకుంటే నాకు టెన్షనే.

మా చిన్నప్పుడు గూడూరు దగ్గర మా ఊళ్ళో స్టేషనూ లేదు, బండీ లేదు. ఎండాకాలం ఒక తాటాకు ఇల్లు అంటుకుంటే ఊరంతా బావి నుంచి వరసగా నిలబడి బిందెలు అందించుకునేవాళ్ళం. మా నాన్న మాత్రం బిందె ముట్టేవాడు కాదు. పొడుగు కర్ర పట్టుకుని పక్కింటి కప్పు లాగేసేవాడు. ఆ ఇంటావిడ తిట్టిపోసేది. మంట మాత్రం అక్కడ ఆగేది. అందరూ ఒకే పని మీద పడకూడదర్రా.

పొడుగు గరిటె సంగతి మరిచిపోయాను, ఇక్కడ గరిటె అంటే నిచ్చెన. మౌంట్ రోడ్డులో ఎత్తైన ఎల్‌ఐసీ భవనం 1959లో కట్టారు, 1975లో అంటుకుంది. అంత ఎత్తుకు మామూలు నిచ్చెన ఎక్కడ చాలుతుంది? ఊరు ఎంత ఎత్తు పెరిగితే నిచ్చెన అంత పెరగాలి. టి.నగర్‌లోనే 2017లో ఒక పెద్ద బట్టల దుకాణం అంటుకుని, మర్నాడు కూడా మండింది. అక్కడ నిచ్చెన కంటే పొగలో ఊపిరాడనిచ్చే గాలి సిలిండర్లు ముఖ్యం. ఏ పేటలో ఏముందో చూసి సామాను కొనాలి.

దీపావళికి అందరూ సెలవు పెడతారు, ఫైర్ స్టేషన్ అంకుల్స్‌కు ఆ రోజే పని ఎక్కువ. రద్దీ చోట్ల ముందే బళ్ళు నిలబెడతారు. కనిపిస్తే ఒక మిఠాయి పొట్లం ఇచ్చి రండి.

ఇంకో పని. ఆ బండి వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు. టేపు తీసుకుని మీ సందులో ఆగిన కార్లకూ ఎదుటి గోడకూ మధ్య ఎంతుందో రాత్రి తొమ్మిదికి నాన్నతో వెళ్ళి కొలవండి. అంకె నాకు రాయండి.

మీ తాతయ్య