మొహానికి కుట్టే చొక్కా

చిరంజీవి పిల్లలందరికీ ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. అందులో చివరన చిన్నది వంకర టింకర అక్షరాలతో రాసిన ప్రశ్న చూశాను. "సినిమాలో కుర్ర హీరోని ముసలాయన్ని చేశారు. మొహం మీద రబ్బరు అతికించారని అన్నయ్య చెప్పాడు. రబ్బరు అతికిస్తే మొహం ఎలా నవ్వింది? తర్వాత పీకేటప్పుడు నొప్పి పుట్టదా?" పెద్దవాళ్ళు ఇంత మంచి ప్రశ్న అడగరు. ఎన్ని గంటలు పట్టిందట, ఎంత ఖర్చయిందట అని అడిగి ఊరుకుంటారు.

చొక్కా ఎలా కుడతారో మీకు తెలుసు. దర్జీ కొలతలు తీసుకుంటాడు, గుడ్డ కత్తిరిస్తాడు, కుడతాడు, తొడిగి చూస్తాడు. మీరు చూసింది మొహానికి కుట్టిన చొక్కా. దాన్ని ప్రోస్థెటిక్ మేకప్ అంటారు. ఒంటి చొక్కాకి కాస్త వదులు ఉండాలి, మొహం చొక్కాకి ఆవగింజంత వదులు కూడా పనికిరాదు. పనంతా అక్కడే ఉంది.

ముందు కొలత. టేపుతో మొహాన్ని కొలవలేరు కనుక మొహానికే అచ్చు తీస్తారు. నటుణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, జుట్టు మీద పల్చటి టోపీ అతికిస్తారు. కనుబొమలకీ రెప్పల వెంట్రుకలకీ పెట్రోలియం జెల్లీ దట్టంగా రాస్తారు, లేకపోతే అవి అచ్చుతోపాటే ఊడివస్తాయి. తర్వాత ఆల్జినేట్ అనే పొడిని నీళ్ళలో కలిపి మొహమంతా పూస్తారు. సముద్రపు నాచులోంచి తీసే పదార్థం అది. పళ్ళ డాక్టరు పళ్ళ కొలత తీసేదీ దాంతోనే. నాలుగైదు నిమిషాల్లో బిగుసుకుంటుంది. వేడినీళ్ళతో కలిపితే పూసేలోపే గిన్నెలో గడ్డకడుతుంది, చన్నీళ్ళయితే కాస్త వ్యవధి ఇస్తుంది. ముక్కు రంధ్రాలు మూసుకుపోకుండా చూడటానికి ఒక మనిషి ప్రత్యేకంగా ఉండాలి. నటుడు మాట్లాడలేడు కాబట్టి బొటనవేలు పైకెత్తి బాగానే ఉన్నానని చెబుతాడు. కళ్ళూ నోరూ మూసుకుని పావుగంట కూర్చోవడం అందరివల్లా కాదు. భయపడేవాళ్ళకి ముందే ప్రతి మెట్టూ విడమరిచి చెప్పాలి, వద్దంటే ఆపేయాలి.

ఆల్జినేట్ తనంతట తాను నిలబడదు. అందుకని దాని మీద తడిపిన ప్లాస్టర్ పట్టీలు పరుస్తారు. అవి గట్టిపడ్డాక నటుడు ముందుకి వంగి, లోపలే మొహం అటూ ఇటూ ముడుచుకుంటే అచ్చు వదులై చేతుల్లోకి వస్తుంది. ఇక ఆలస్యం చేయకూడదు. ఆల్జినేట్‌లో ఉన్నది ముప్పాతిక నీరే, అది ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. వెంటనే అందులో జిప్సం పోసి నటుడి మొహం నకలు తీసుకోవాలి. ఈమధ్య స్కానర్‌తో కొలత తీసి ప్రింటర్‌లో తల అచ్చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. ఎలా తీసినా కొలత తప్పితే చొక్కా తప్పినట్టే.

ఇప్పుడు గుడ్డ కత్తిరింపు. ఆ నకలు మొహం మీద నూనె కలిసిన బంకమట్టి పెట్టి, కావలసిన ముసలితనాన్ని మలుస్తారు. ఇక్కడ తొందరపడేవాళ్ళు చేసే తప్పొకటి ఉంది. ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ గీతలు గీసి ముడతలంటారు. చర్మం అలా ముడతపడదు. కింది కండరం ఎటు లాగుతుందో దానికి అడ్డంగా ముడత పడుతుంది. నుదుటి కండరం కిందికీ పైకీ లాగుతుంది కాబట్టి నుదుటి మీద అడ్డగీతలు. కంటి చుట్టూ కండరం గుండ్రంగా ఉంటుంది కాబట్టి కంటి కొసన గీతలు విచ్చుకుంటాయి. ఈ లెక్క తప్పిన ముక్క నటుడు కదలనంతసేపూ ముసలితనమే, కనుబొమ ఎత్తగానే చెక్కిన గీత ఒకవైపు, అసలు ముడత ఒకవైపు పోతాయి. వయసుతో మొహం ఊరికే ముడతపడదు, జారుతుంది కూడా. కళ్ళకింద సంచులు, దవడ పక్కన వేలాడే కండ, సన్నబడే పెదవులు, పెద్దవైనట్టు కనబడే చెవులు, ఇవన్నీ మట్టిలో రావాలి.

స్వేదరంధ్రాలు? నారింజ తొక్క మీద రబ్బరు పాలు పొరలు పొరలుగా పూసి, ఆరాక ఒలిస్తే ఆ గుంటల నకలు బొడిపెలుగా వస్తుంది. దాన్ని మట్టి మీద అద్దితే చర్మం గుంటలు పడతాయి. చెంపకి ఒక రకం, ముక్కుకి ఒక రకం. సన్నగీతలు గీసేటప్పుడు మట్టి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి పైనుంచి నొక్కుతారు, గీత అంచులు మొద్దుబారి సహజంగా ఉంటాయి.

మలిచిన మొహానికి రెండో అచ్చు తీసి, మట్టి తీసేస్తే నకలు మొహానికీ అచ్చుకీ మధ్య ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో పోసిందే చొక్కా గుడ్డ.

గుడ్డ రెండు రకాలని చెప్పుకోవచ్చు. పాతది నురుగు రబ్బరు. మామూలుగా 150 గ్రాముల రబ్బరు పాలకి 30 గ్రాముల నురుగు మందు, 15 గ్రాముల గంధకపు మందు కలిపి మిక్సర్‌తో గిలకొడతారు. నాలుగైదింతలు పొంగాక వేగం తగ్గించి, పెద్ద బుడగలు పగిలిపోయేదాకా, అమోనియా వాసన తగ్గేదాకా నెమ్మదిగా తిప్పుతారు. చివర్లో 14 గ్రాముల దాకా పేరుకునే మందు పోస్తారు. గది వేడిగా ఉంటే అది కాస్త తగ్గించాలి, లేదంటే అచ్చులోకి పోసేలోపే పేరుకుపోతుంది. చాలకపోతే నురుగు చప్పబడి అడుగున రబ్బరూ పైన గాలీ మిగులుతాయి. తర్వాత 85 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఓవెన్‌లో ఉంచాలి. తక్కువ ఉడికితే వేలితో నొక్కినచోట గుంట అలాగే ఉండిపోతుంది, ఎక్కువైతే పెళుసెక్కి చిరుగుతుంది. ఆ ఓవెన్‌లో మళ్ళీ తిండి వండకూడదు.

రెండోది సిలికోన్. ఎ, బి అని రెండు సీసాలు, కలిపితే గట్టిపడుతుంది. మూడో ద్రవం ఒకటి కలిపితే కండంత మెత్తబడుతుంది. దీనికి గంధకం పడదు. రబ్బరు చేతితొడుగులు వేసుకుని ముట్టుకున్నా, గంధకం ఉన్న బంకమట్టి అచ్చులో కాస్త మిగిలినా, ఆ మేర గట్టిపడకుండా జిగటగా ఉండిపోతుంది. రాత్రంతా ఆగి అచ్చు తెరిస్తే బంక కనిపిస్తుంది! మరి ఇంత పేచీ ఎందుకు భరిస్తారు? చీకట్లో అరచేతి వెనక టార్చి పెట్టి చూడండి, వేళ్ళు ఎర్రగా వెలుగుతాయి. చర్మంలోకి వెలుతురు కొంత దూరం చొరబడి బయటికి వస్తుంది. నురుగు రబ్బరులోకి చొరబడదు, రంగు పైనే ఆగిపోతుంది. సిలికోన్‌లోకి చొరబడుతుంది. అందుకే లోపలే రంగు కలిపి, నరాల కోసం ఎర్ర, నీలి పోగులు చల్లుతారు. దగ్గర షాట్లకి సిలికోన్‌ని మించింది లేదని నా అభిప్రాయం. ఒళ్ళంతా వేయాలంటే మాత్రం బరువు, చెమట పోయే దారి ఉండదు, అక్కడ నురుగు రబ్బరే నయం.

ఇక చిన్నదాని నవ్వు దగ్గరికి వద్దాం. చొక్కా భుజాల మీద వేలాడుతుంది, మిగతాది ఒంటిని అంటీ అంటకుండా ఉంటుంది. మొహం చొక్కాని అంచుల్లో మాత్రమే అతికిస్తే అదే జరుగుతుంది, లోపల మొహం నవ్వుతుంది, బయట రబ్బరు ఊరుకుంటుంది. అందుకే మొత్తం అతికిస్తారు. చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచి జిడ్డు తీసి, తెల్లటి జిగురు పూసి, అది ఆరి పారదర్శకమయ్యాక మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి అద్దుకుంటూ పోతారు. పెదవుల పక్కన అద్దేటప్పుడు నటుడు నోరు కొద్దిగా తెరవాలి. మూసినప్పుడు అతికిస్తే మొదటి డైలాగుకే అక్కడ లేచిపోతుంది. కింద ఎక్కడైనా గాలి మిగిలితే అక్కడ బుడగలా ఉబ్బుతుంది. చర్మం ఎక్కువ కదిలేచోట ముక్క పల్చగా, అంతగా కదలని చెంప ఎముకల దగ్గర మందంగా ఉండాలి. ఇన్ని సరిగా కుదిరితే లోపలి కండరం లాగినప్పుడు పైదీ దాంతో వస్తుంది. అయినా కొంత నవ్వు దారిలో పోతుంది, అందుకని నటుడు అద్దం ముందు కూర్చుని ఎంత ఎక్కువ నవ్వితే బయటికి మామూలు నవ్వు వస్తుందో నేర్చుకుంటాడు.

చొక్కా పోలిక పనికిరాని చోటొకటి ఉంది, అదే అంచు. చొక్కాకి అంచు మడిచి కుడతారు, కనబడినా తప్పులేదు. ఇక్కడ అంచు కనబడితే అంతా పోయినట్టే. అందుకే కాగితం కంటే పల్చగా తీసుకొస్తారు. సిలికోన్ ముక్క చుట్టూ పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. స్పిరిట్ తడిపిన బ్రష్‌తో దాన్ని నిమిరితే అంచు కరిగి చర్మంలో కలిసిపోతుంది. నురుగు రబ్బరు అంచు కరగదు, చిక్కబరిచిన జిగురు ముద్దతో కప్పుతారు. మొత్తం పనిలో ఎవరూ మెచ్చుకోని భాగం ఇదే, ఎందుకంటే బాగా చేస్తే కనబడదు. మీ లెక్కల పుస్తకాల్లో చివరి మెట్టు ఎగ్గొట్టే అలవాటున్నవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

రంగు ఒకటే పూస్తే బొమ్మ మొహం అవుతుంది. చర్మం ఒక రంగు కాదు. కురచగా కత్తిరించిన బ్రష్‌తో ఎరుపు, పసుపు, నీలం కలిసిన ఆకుపచ్చ చుక్కలు పల్చగా చిలకరిస్తారు. ముక్కూ చెవులూ కాస్త ఎర్రన, కళ్ళకింద కాస్త నీలి. ఒక్కో వెంట్రుకా సూదితో గుచ్చుతారు, అదీ మొలిచే వాలులోనే.

పీకేటప్పుడు నొప్పి సంగతి. పీకరు. అంచుకింద నూనెలాంటి ద్రావకం బ్రష్‌తో పట్టిస్తూ, జిగురు వదులయ్యేకొద్దీ జరుపుకుంటూ పోతారు. ముప్పావుగంట పట్టవచ్చు. తొందరపడి లాగితే చర్మం లేస్తుంది, మర్నాడు దాని మీద మళ్ళీ అతికించలేరు. పల్చటి అంచు తీసేటప్పుడు ఎలాగూ పాడవుతుంది కనుక ఆ చొక్కా ఆ రోజుకే. ముప్పై రోజుల షూటింగుకి ముప్పై ముక్కలు అదే అచ్చులో పోసుకోవాలి.

మా చిన్నతనపు సినిమాల్లో ముసలివాళ్ళంటే దూది గడ్డం, తెల్లపౌడరు జుట్టూ. నవ్వకండి, దూదితో ఘనకార్యాలు చేసినవాళ్ళున్నారు. 1931లో జాక్ పియర్స్ అనే ఆయన బోరిస్ కార్లాఫ్‌ని 'ఫ్రాంకెన్‌స్టయిన్' సినిమాలో మృతదేహాల నుంచి పుట్టిన వికృత రూపంగా మార్చింది దూదీ, కొలోడియన్ అనే జిగట ద్రవమూ పొరలుగా వేసే. అచ్చూ ముక్కా లేవు, రోజూ నాలుగు గంటలు మొదటినుంచీ కట్టడమే. 1970లో డిక్ స్మిత్ ముప్పైల వయసున్న డస్టిన్ హాఫ్‌మన్‌ని 121 ఏళ్ళ వృద్ధుణ్ణి చేశాడు. ఒకే ముసుగు కాకుండా ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కే విడి ముక్కలు వాడి, కదలిక పోకుండా చూశాడు. ఇంత పనికి ఆస్కార్‌లో విడిగా ఓ విభాగం 1981 నాటి సినిమాలతో గానీ రాలేదు, ఆలస్యమే. మొదటి బహుమతి రిక్ బేకర్‌ది.

భయపెట్టాలని కాదు గానీ ఒకటి చెప్పాలి. 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లో రేకు మనిషి వేషం మొదట బడ్డీ ఎబ్‌సెన్ వేశాడు. మొహానికి పూసిన అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి పోయి ఆస్పత్రిపాలయ్యాడు. వేషం జాక్ హేలీకి వెళ్ళింది, పొడి బదులు ముద్ద పూశారు. కనుక మీరు ఇంట్లో గోడరంగులు, ఫెవిక్విక్ లాంటి జిగురులు మొహం దగ్గరికి తేకండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్దలో చెయ్యి పెట్టడం అసలే వద్దు, గట్టిపడేటప్పుడు ఒళ్ళు కాలేంత వేడెక్కుతుంది. రబ్బరు పాలు పడనివాళ్ళకి దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి ఊపిరి ఆడదు. నాటకంలో నెత్తురు కావాలంటే చిక్కటి పంచదార పాకంలో తిండి రంగు ఎరుపు కలపండి. నారింజ ఛాయ కొడితే ఒక్క చుక్క నీలం వేయండి, ఎండిన గాయానికి కాస్త గోధుమరంగు. మచ్చ పడితే పోదు కాబట్టి పాత బట్టలు వేసుకోండి.

మీరు ఇప్పుడే చేయగలిగిన పనొకటి ఉంది. అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కనుంచి నోటి కొసదాకా వేలు ఆనించి, నెమ్మదిగా నవ్వండి. ఎక్కడ మొదట మడతపడుతుంది, ఎక్కడ అసలు కదలదు, చూడండి. తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళనడిగి వాళ్ళ మొహం మీదా చూడండి, ఆ మడత ఎంత కిందికి దిగిందో. మీకే ఒక ముక్క చేసి ఇచ్చి, అంచు ఎక్కడ ఉండాలో చెప్పమంటే ఏ చోటు చూపిస్తారు? మడతలోనా, మడత పక్కనా? ఎందుకో కూడా రాయండి.

మీ తాతయ్య