క్వాజార్ రంగు మార్చేది గురుత్వ కటకమేనా? అపోహలు - వాస్తవాలు

దూరపు గెలాక్సీ నడుమ, భారీ కృష్ణబిలం చుట్టూ తిరిగే వేడి వాయువు వల్ల వెలిగేది క్వాజార్. దారిలో అడ్డొచ్చిన ఇంకో గెలాక్సీ గురుత్వం ఆ కాంతిని కటకంలా వంచడమే లెన్సింగ్. అలా లెన్సింగ్‌కి గురైన క్వాజార్ల వెలుగు కొలవడం నా పని. ఫొటోలో నాలుగు చుక్కలు, ఒక్కో చుక్కకీ ఒక అంకె. ఆ అంకెలు ఎందుకు ఎగిసిపడతాయన్న దగ్గరే అపోహలన్నీ. ఐన్‌స్టీన్ క్రాస్‌నే తీసుకుందాం. 1985లో జాన్ హుక్రా బృందం కనిపెట్టింది. క్వాజార్ దాదాపు 800 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దానికి అడ్డొచ్చిన గెలాక్సీ సుమారు 40 కోట్ల దూరంలోనే. ఆ గెలాక్సీ గురుత్వం వల్ల ఒక్క క్వాజార్ మనకి నాలుగుగా కనిపిస్తుంది. వాటిని ఏ, బీ, సీ, డీ అంటాం.

అపోహ: కటకం నీలాన్ని ఒకలా, ఎరుపుని ఇంకోలా వంచుతుంది, అందుకే రంగు మారుతుంది.

అది గాజు పట్టకం చేసే పని. గురుత్వానికి రంగుల పట్టింపు లేదు. రేడియో తరంగమైనా ఎక్స్-రే అయినా ఒకేలా వంగుతాయి. అసలు సంగతంతా క్వాజార్‌లో ఉంది. కృష్ణబిలం చుట్టూ తిరిగే డిస్క్ లోపలి వైపు విపరీతమైన వేడి. అతినీలలోహిత, నీలి కాంతి ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. బయటికి పోయేకొద్దీ వేడి తగ్గి కాంతి ఎర్రబడుతుంది. కాబట్టి నీలి ఫిల్టర్‌లో అదే క్వాజార్ చిన్నది, ఎర్ర ఫిల్టర్‌లో పెద్దది.

ఇక అడ్డున్న గెలాక్సీలోని నక్షత్రాల సంగతి. అవన్నీ కలిసి, వెలుగు ఒక్కసారిగా పెరిగే సన్నని గీతల వల అల్లుతాయి. వాటినే కాస్టిక్‌లు అంటాం. తడిక సందులోంచి పడే ఎండ చార కింద ఆవగింజ పెడితే మొత్తం మెరుస్తుంది, కొబ్బరికాయ పెడితే ఒక చారే మెరుస్తుంది. డిస్క్ కాస్టిక్‌ని దాటేటప్పుడూ అంతే: లోపలి నీలి భాగం భగ్గుమంటుంది, బయటి ఎర్ర భాగం కొంచెమే పెరుగుతుంది.

నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా విలువైనది ఇదే. ఏ ఆప్టికల్ టెలిస్కోపుకీ విడిగా కనిపించనంత చిన్న డిస్క్‌ని ఈ రంగు మార్పుతో కొలవగలుగుతున్నాం. ప్రామాణిక సిద్ధాంతం ప్రకారం డిస్క్ సైజు తరంగదైర్ఘ్యానికి 4/3 ఘాతంలో పెరగాలి. కొలిచి చూస్తే చాలా క్వాజార్లలో డిస్క్ ఆ సిద్ధాంతం చెప్పినదానికన్నా రెండు మూడు రెట్లు పెద్దదిగా తేలుతోంది. ఎందుకన్న తగువు ఇంకా తెగలేదు.

అపోహ: వెలుగు పెరిగిందంటే క్వాజారే పెరిగింది.

క్వాజార్ తనంతట తాను మారితే ఆ మార్పు అన్ని ప్రతిబింబాల్లోనూ కనిపించి తీరాలి, కాకపోతే కాంతి దారులు వేరు కాబట్టి కాస్త వెనకా ముందూ. 1979లో దొరికిన మొదటి లెన్సింగ్ క్వాజార్, రెండుగా కనిపించే క్యూ0957+561లో ఆ తేడా 417 రోజులు. ఐన్‌స్టీన్ క్రాస్‌లో ఒక రోజుకి అటూ ఇటూ. 1999లో చిలీలోని లాస్ కంపానాస్ నుంచి చుక్కల వెలుగు మార్పుల్ని ఏళ్ల తరబడి కొలిచే ఓగల్ బృందం చూస్తుండగా ముందు సీ, నెలల తర్వాత ఏ ఎగిశాయి. మిగతావి వాటి వెంట పోలేదు. అది అడ్డున్న గెలాక్సీ నక్షత్రాల పనే, దాన్నే మైక్రోలెన్సింగ్ అంటాం.

అపోహ: వెలుగుతోపాటు నీలమూ పెరిగితే మైక్రోలెన్సింగ్ రుజువైనట్టే.

కొత్తగా వచ్చిన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. క్వాజార్లు తమంతట తాము వెలిగేటప్పుడు కూడా సాధారణంగా నీలంగానే మారతాయి! ఒక్క ప్రతిబింబం రంగు చూసి తీర్పు చెప్పొద్దు. ఆలస్యాన్ని సరిచేసి, ఒకదానితో ఇంకొకటి పోల్చాలి. స్పెక్ట్రమ్, అంటే కాంతిని రంగులుగా విడగొట్టిన రికార్డు, ఉంటే ఇంకా మంచిది. అందులో కొన్ని రంగుల దగ్గర ఎత్తుగా లేచే వెడల్పాటి ఉద్గార రేఖలు డిస్క్‌కన్నా చాలా పెద్ద ప్రాంతం నుంచి వస్తాయి కాబట్టి వాటిమీద నక్షత్రాల ప్రభావం తక్కువ. రేఖలు పెద్దగా కదలకుండా వాటి కింద పరుచుకున్న డిస్క్ కాంతి, అంటే కంటిన్యువమ్ మాత్రం నీలంవైపు లేస్తే నమ్మొచ్చు. 2004-2007 మధ్య చిలీలోని పెద్ద టెలిస్కోపు వీఎల్‌టీతో ఐన్‌స్టీన్ క్రాస్‌ని చూసినప్పుడు ఇలాంటి మార్పులే దొరికాయి.

అపోహ: ప్రతిబింబాల మధ్య రంగు తేడా కనిపిస్తే చాలు.

చాలదు. గెలాక్సీలోని ధూళి కూడా ఎర్రబరుస్తుంది. కానీ ధూళి తేడా ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, మైక్రోలెన్సింగ్ తేడా మారుతుంది.

ధూళి కన్నా నన్ను ఎక్కువ విసిగించేది మన గాలి. నాలుగు చుక్కలూ సుమారు 1.8 ఆర్క్‌సెకండ్ల (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) మేర సర్దుకున్నాయి, నడిమధ్యన గెలాక్సీ ఎర్రటి కేంద్రం. సీయింగ్, అంటే గాలి కదలిక వల్ల చుక్క ఎంత పరుచుకుందన్న అంకె, 1.5 ఆర్క్‌సెకండ్లు దాటిన రాత్రి అన్నీ ఒక ముద్ద. గెలాక్సీ ఎరుపు మసక ప్రతిబింబం డీలోకి కారుతుంది. కాలంతోపాటు వెలుగు మార్పు చూపే గీతలో (లైట్ కర్వ్) డీ 'ఎర్రబడింది' అని మెయిల్ రాసే ముందు ఆ రాత్రి సీయింగ్ అంకె చూడండి. చాలా 'ఆవిష్కరణలు' అక్కడే ఆగిపోతాయి.

అపోహ: రూబిన్ అబ్జర్వేటరీ వచ్చేసింది, ఇక చిన్న టెలిస్కోపులతో పనిలేదు.

చిలీలో ఆకాశాన్నంతా పదే పదే ఫొటో తీసే కొత్త టెలిస్కోపు రూబిన్. దానికి ఆరు ఫిల్టర్లున్న మాట నిజమే. కానీ ఒక్కో ఫొటో ఒక్క ఫిల్టర్‌లోనే. అదే వస్తువు మనకి కావలసిన ఫిల్టర్‌లో కనిపించేసరికి రోజులు గడవొచ్చు. కాస్టిక్ దాటే వేళ రంగు కావాలంటే ఆ రాత్రే రెండు మూడు ఫిల్టర్లలో తీయాలి. ఆ పనికి ఎక్కడో ఒక చోట రెండు మీటర్ల టెలిస్కోపు ఖాళీగా దొరకాలి.