నెగడుకి పుల్లలు ఏరనివ్వలేదని అలిగిన పిల్లలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని మౌంట్ రెయినియర్ నేషనల్ పార్క్ నుంచి వచ్చి వారమైంది. ఓహానపెకాష్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఆ సాయంత్రం మీరు ఒళ్లో నింపుకొచ్చిన పుల్లలన్నీ ఎక్కడివక్కడ పెట్టించాను. "ఇంత కట్టె పడి ఉంటే కొనడమెందుకు తాతయ్యా?" అన్నారు. టెంటు వేసే హడావుడిలో "అది ఇక్కడి రూల్" అని తేల్చేశాను. మీరు అడిగినదానికి అది జవాబు కాదు. అందుకే ఈ ఉత్తరం.

మర్నాడు పొద్దున నది ఒడ్డున దారి పక్కన ఒక పెద్ద మాను పడి ఉంది, గుర్తుందా? పైన దట్టంగా నాచు. వేలితో నొక్కితే తడి స్పాంజిలా లోపలికి దిగింది, నీళ్లు ఊరాయి. దాని వీపు మీద జానెడేసి హెమ్లాక్ మొక్కలు (సూదుల్లాంటి ఆకులుండే అక్కడి అడవిచెట్టు పిల్లలు) బారులు తీరి ఉన్నాయి. హెమ్లాక్ గింజ చాలా చిన్నది. నేల మీద పడితే నాచూ రాలిన ఆకులూ దాన్ని కప్పేస్తాయి. అదే పడిపోయిన మాను మీదైతే కాస్త ఎత్తు, కాస్త వెలుతురు, వేసవిలోనూ ఆరని తడి. అక్కడివాళ్లు అలాంటి మానుని నర్స్ లాగ్ అంటారు. నేను దాది మాను అంటాను.

మొక్క పెరిగేకొద్దీ దాని వేళ్లు మాను పక్కలనుంచి జారి నేలలోకి దిగుతాయి. వందల ఏళ్లకి మాను చివికిపోతుంది, చెట్టు మిగులుతుంది. వేళ్ల మధ్య గుహలా ఉందని మీరు తొంగిచూసిన చోటు ఉందే, ఒకప్పుడు దాది మాను ఉన్నది అక్కడే. ఆ అడవిలో వెయ్యేళ్లు దాటిన చెట్లున్నాయి. ఆ అడవిని పార్కులో చేర్చి కాపాడారు కాబట్టే అవి గొడ్డలికి దొరకలేదు. నిలబడ్డ చెట్లను కాపాడి, పడ్డవాటిని మనం నెగడులో వేసేస్తే రేపటి చెట్లు దేనిమీద మొలవాలి? మీరు ఏరినవి పుల్లలే, నిజమే. కానీ వేసవంతా వచ్చే వేలమందీ తలో ఒడి పట్టుకుపోతే నేల బోసిపోతుంది.

మరి ఇంటినుంచి తీసుకెళ్లొచ్చుగా అంటారేమో. వద్దు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అని, యాష్ అనే చెట్లను తొలిచే పచ్చటి పురుగు ఒకటి ఆసియానుంచి వచ్చి 2002లో మిషిగన్‌లో బయటపడింది. జనం కార్లలో మోసుకెళ్లిన కట్టెల్లో దాక్కుని దూరదూరాలకు పాకింది. కోట్లకొద్దీ యాష్ చెట్లు ఎండిపోయాయి. అందుకే కట్టె ఎక్కడ కాలుస్తామో ఆ దగ్గర్లోనే కొనాలి.

ఇంకొక్కటి. బల్ల మీద వదిలేసిన బిస్కెట్ల ప్యాకెట్టుకి నేను కోప్పడ్డాను. ఎలుగుబంటి మనల్ని ఏం చేస్తుందోనని మాత్రమే కాదు. మన తిండికి అలవాటుపడ్డ ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది, చివరికి దాన్నే చంపాల్సి రావచ్చు. అందుకే టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చేవన్నీ కారులో పెట్టించాను.

రాత్రి పది దాటాక ఎవరి దీపాలు వాళ్లు ఆర్పేశారు. నది హోరు తప్ప ఏమీ లేదు. మీరు నిద్రపోయాక చాలాసేపు వింటూ కూర్చున్నాను.

ఆ మాను ఫొటో మీలో ఎవరో తీశారు కదా, నాకు పంపండి. నేను పదకొండు మొక్కలు లెక్కపెట్టేసరికి వాన మొదలైంది.

మీ తాతయ్య